మామయ్య కొలిచిన స్పీకర్ పెట్టె

మారతహళ్లి, బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గుండూ,

ఆలస్యమైందని తిట్టుకోకురా. నీ రెండు ఉత్తరాలూ ఫ్రిజ్ మీదే ఉన్నాయి, పాల ప్యాకెట్ తీసిన ప్రతిసారీ సిగ్గేస్తూనే ఉంది. ఇక్కడందరం బాగానే ఉన్నాం, చిన్నది యూకేజీకి వచ్చింది, అద్దె పెంచారు, ట్యాంకర్ నీళ్ల గొడవ మామూలే. సరే, అసలు సంగతికొస్తా.

కారులో సబ్‌వూఫర్, అదే కింది స్వరాలు గట్టిగా పలికించే పెద్ద స్పీకర్, పెట్టించాను. నవ్వకు. డిక్కీ అంతా అదే ఆక్రమిస్తే మా ఆవిడ ఊరుకోదు కదా, అందుకని జేసీ రోడ్డులో ఒక షాపులో, వెనక చక్రం పక్కనున్న వంపులో సరిగ్గా ఇమిడేలా ఫైబర్‌గ్లాస్ పెట్టె చేయించాను. వెనక పలక మాత్రం 18 ఎంఎం ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టు అదిమి చేసిన పలక. స్పీకర్‌తో వచ్చిన కాగితంలో, స్పీకర్ ఆక్రమించేది పోగా లోపల ఒక క్యూబిక్ ఫుట్, అంటే 28.3 లీటర్ల ఖాళీ ఉండాలని రాసుంది. షాపతను టేపు పెట్టి చూపించి "కరెక్టాగి ఒందు క్యూబిక్ ఫుట్ ఇదె సార్" అన్నాడు. నేను తలూపాను. నా తల సంగతి నీకు తెలుసుగా.

దొమ్మలూరు సిగ్నల్ దగ్గర పాట పెట్టానురా. ఏ పాటైనా ఒకటే గుమ్ము! కింది స్వరాలు మాయం. ఎవరో ఖాళీ నీళ్ల డ్రమ్ము మీద ఒకేచోట కొడుతున్నట్టుంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారుజామున గుర్తొచ్చింది, వాడు టేపు పెట్టింది పెట్టె బయట! మామూలు చెక్క పెట్టెనే తీసుకో. బయట 40, 35, 25 సెంటీమీటర్లుంటే 35 లీటర్లు. 18 ఎంఎం చెక్క మందం అన్ని వైపులా తీసేస్తే మిగిలేది 24 లీటర్ల చిల్లర. పదిన్నర లీటర్లు చెక్కే మింగేసింది. ఇక నాది వంకర పెట్టె, దానికి ఏ సూత్రమూ పనిచేయదు. లోపల ఏదైనా నింపి కొలవాల్సిందే.

ముందు పక్కింటివాళ్ల బీన్‌బ్యాగ్‌లోని థర్మోకోల్ పూసలు అడిగి తెచ్చాను. ఫ్యాన్ తిరుగుతోందని చూసుకోలేదు. ఆ కథ వద్దులే, ఇప్పటికీ చెవిలోంచి ఒకటీ అరా వస్తున్నాయి.

తర్వాత కనబడింది బియ్యం బస్తా. మామయ్య పంపిన కర్నూలు సోనా. ఆవిడ గుడికెళ్లింది. స్నానాల మగ్గులో అంచుదాకా నీళ్లు పోసి వంటింటి త్రాసు మీద పెడితే, మగ్గు బరువు పోను 1180 గ్రాములు. అంటే మగ్గుకి 1.18 లీటర్లు. మగ్గు తుడిచి మొదలుపెట్టాను. బియ్యం పోస్తే రంధ్రం కింద గుట్టలా నిలబడిపోతోంది కానీ మూలలకి పోదు. పెట్టె వంచి, మోచేయి దాకా చేయి పెట్టి తోయాలి, మళ్లీ పోయాలి. గింజల మధ్య గాలి సంగతేంట్రా అంటావు, తెలుసు. మగ్గులోనూ అవే గింజలు, అదే గాలి. తూకం మీద లెక్క కడితే తప్పు గానీ నేను మగ్గులు లెక్కపెడుతున్నాను కదా.

పద్నాలుగో పదిహేనో అంటుండగా బెల్లు మోగింది. మామయ్య! చెప్పాపెట్టకుండా. చేతిలో ఇంకో బియ్యం సంచి.

ఆయన నన్ను చూశాడు, పెట్టెని చూశాడు. "ఏంది అల్లుడా, ఇది గాదెనా?" అన్నాడు. లెక్క తప్పింది, నోట మాట రాలేదు. ఎలాగో చెప్పాను. ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిండా పోయించి, బయటికి తోడుతూ తనే కొలిచాడు. "లాభం... రెండు... మూడు..." ఒకటి అనడుగా! ఆరు తర్వాత "ఆరున్నొక్కటి". ఏడు అనే మాటే నోట రానివ్వలేదు. ప్రతి మగ్గూ ఒకేలా తట్టి, అరచేత్తో అంచు కోసి పోశాడు. షాపతని టేపు కన్నా ఆ అరచేయి నమ్మకం రా.

పద్దెనిమిదిన్నర మగ్గులు. 21.8 లీటర్లు. స్పీకర్ అయస్కాంతం, చట్రం ఆక్రమించేది 1.3 తీసేస్తే ఇరవైన్నర. దాదాపు ఎనిమిది లీటర్లు తక్కువ! పెట్టె చిన్నదైతే లోపలి గాలి గట్టి స్ప్రింగులా కోన్‌ని, అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గిన్నెలాంటి భాగాన్ని, ఎదురు తోస్తుంది, మోత పై స్వరాలవైపు జరిగి ఒకేచోట ఉబ్బుతుంది. అదీ నా గుమ్ము కథ.

మామయ్య ఒకటే మాటన్నాడు. "గాదె కట్టినోడు లోపల కొలుస్తాడు గానీ బయట కొలుస్తాడా?"

ప్రస్తుతానికి పాత దిండులోని పాలిస్టర్ దూది పెట్టెలో కూరాను, కాస్త నయం. దూదితో గాలి కొంచెం మెత్తబడి పెట్టె పెద్దదైనట్టు నటిస్తుంది. కానీ ఎనిమిది లీటర్లు నటనతో రావు కదా. మంగళవారం షాపుకెళ్తున్నా. మామయ్య కూడా వస్తానంటున్నాడు, మగ్గుతో సహా. నాకదే టెన్షన్.

బియ్యం మాత్రం... ఫైబర్‌గ్లాస్ జిగురు వాసన తెలుసుగా నీకు? ఎండబెడితే పోతుందేమో అని బాల్కనీలో పరిచాను, ఇంకా ఎవరికీ... ఆగు, వంటింట్లోంచి పిలుస్తోంది. గొంతు బాగాలేదు. ఉంటాను రా.

నీ
పొట్టి