ముక్కలు పడేయడం ముందు నేర్పండి

సంపాదకులకు,

పోకర్ నేర్చుకుందామని కూర్చునేవాళ్లలో మన దగ్గర ఎక్కువమంది మూడు ముక్కలాట, రమ్మీ ఆడి వచ్చినవాళ్లే. పేక చేతికి కొత్త కాదు కాబట్టి ఏది దేన్ని కొడుతుందో పట్టిక బట్టీపట్టి ఆటలోకి దిగుతారు. పాత అలవాట్లు దెబ్బతీసేది అక్కడే.

కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు), సీక్వెన్స్ (వరుస ముక్కలు) సంగతే చూడండి. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో కలర్ పెద్దది. 52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాలుగా పడతాయి. అందులో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అయిదేసి తీస్తే సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. అరుదుగా పడేదాన్నే పెద్దది చేశారు, అంతే. బ్లైండ్ అన్న మాటతోనూ ఇదే తికమక. అక్కడ బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడడం. ఇక్కడ పంచేవాడికి ఎడమపక్క కూర్చున్న ఇద్దరూ ముక్కలు పడకముందే తప్పనిసరిగా పెట్టే పందెం.

పనికొచ్చే పాత అలవాటు ఒకటుంది: రమ్మీలో ఫస్ట్ డ్రాప్. పదమూడు ముక్కలూ చెత్తగా ఉంటే 80 పాయింట్లు నెత్తిన పడకముందే 20 ఇచ్చుకుని తప్పుకునేవాణ్ని ఎవరూ పిరికివాడనరు. పోకర్‌లో ఆ పని ఇంకా చవక. బ్లైండ్ పెట్టిన ఇద్దరు తప్ప మిగతావాళ్లు మొదటి రెండు ముక్కలూ పడేస్తే పోయేది ఏమీ లేదు. తొమ్మిదిమంది ఆటలో కొత్తవాళ్లు పదిసార్లకు ఎనిమిదిసార్లు పడేయాల్సిందే. ఆడతామో పడేస్తామో ముందుగా మాట చెప్పాల్సిన చోట కూర్చుంటే ఎనిమిదుల జత, ఆపై జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి చాలు. ఫ్లాప్ (అందరికీ ఉమ్మడిగా నేలమీద మొదట తెరిచే మూడు ముక్కలు) పడ్డాక ప్రతిసారీ చివర మాట పంచేవాడిది. అందరూ ఏం చేశారో చూశాకే నోరు విప్పుతాడు కాబట్టి ఆ చోట చిన్న జతలూ ఆడొచ్చు. ‘రెండూ ఆఠీన్లే కదా’ అని ఏడు-రెండు పట్టుకోవడం మాత్రం ఎక్కడా వద్దు. ఫ్లాప్‌లోనే కలర్ పూర్తయ్యేది నూటికి ఒక్కసారి కూడా కాదు.

అసలు చదువు పందెం లెక్కలో ఉంది. చేతిలో ఆఠీను ఆసు, తొమ్మిది. నేలమీద ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, కళావరు ఏడు, డైమన్ రెండు. ఇంకొక్క ముక్కే రావాలి. కుండలో, అంటే అందరి పందేలూ పోగుపడే చోట, 60 చింతగింజలున్నాయి, ఎదుటివాడు 40 వేశాడు. ఇంకో ఆఠీను పడితే కలర్ పూర్తయి ఆట మనదే అనిపించి, కొత్తవాళ్లు నూటికి తొంభైమంది ఇక్కడ 40 వేసేస్తారనే నా అంచనా. లెక్కేయండి. కనబడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. ఇదే ఆట 46 సార్లు వస్తే 9 సార్లు వంద చొప్పున 900 గెలుస్తాం, 37 సార్లు నలభై చొప్పున 1,480 పోగొట్టుకుంటాం. ఆసు పడినా గెలుస్తామనుకుని మిగతా మూడు ఆసులూ కలిపి 12 చేసినా చాలదు: 1,200 వస్తే 1,360 పోతాయి. ఆఠీను పడ్డాక ఎదుటివాడు ఇంకో 65 అయినా ఇస్తాడన్న గట్టి నమ్మకం ఉంటే తప్ప ఇది పడేయాల్సిన ఆట. అదే అతను 12 మాత్రమే వేస్తే? 9 సార్లు 72 చొప్పున 648 వస్తాయి, 37 సార్లు 12 చొప్పున 444 పోతాయి. నిస్సందేహంగా వేయాలి. ముక్కలు అవే, ధర మారింది. దీన్ని నోటిలెక్కగా చేయడం సులువే: మనకు పనికొచ్చే ముక్కల్ని రెండుతో హెచ్చిస్తే తర్వాతి ముక్కకు ఇంచుమించు నూటికి ఎంతో తెలుస్తుంది.

బెదిరింపు పందేలకూ లెక్కుంది. కుండలో 100 ఉన్నప్పుడు 50 వేసి బెదిరిస్తే మూడింట ఒకసారైనా ఎదుటివాడు పడేయాలి. ఎన్నడూ పడేయనివాడి మీద ఈ పందెం శుద్ధ దండగ.

చింతగింజలని ఊరికే అనలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు కూడా. ఇంటర్ పిల్లలు సంభావ్యతను పాచికలతో, రంగు బంతులతో చదువుతున్నారు. మీ విద్యా పేజీలో ఇలాంటి లెక్క వారానికొకటి వేయమని నా విన్నపం.

ఇంట్లో ఆడేవాళ్లకు ఒక్క జాగ్రత్త. మనిషికి 200 గింజలు, బ్లైండ్లు 1, 2గా పెట్టుకోండి. ఎవరి గింజలైనా అయిపోతే ఆ పూటకు మళ్లీ ఇవ్వకండి. అడిగినప్పుడల్లా ఇస్తే ముక్కలు పడేసేవాడు ఒక్కడూ ఉండడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు