ఈ చలికాలం మీ వాకిట్లోకి వచ్చేది ట్రాక్టరే

మొదటి మంచు పడ్డ రోజు పొద్దున ఏడింటికల్లా నేను మంచు తోసేసి మీ వాకిలి ఖాళీ చేసి ఉండాల్సింది. చాలామంది దగ్గరికి మధ్యాహ్నం దాటాక వచ్చాను. రెండిళ్లకు అసలు రాలేకపోయాను. వచ్చిన చోట కూడా బ్లేడుతో, అంటే బండి ముందు తగిలించే వెడల్పాటి ఇనుప పలకతో, తోయలేదు. ట్రాక్టర్ ముందు బరువులెత్తే లోడర్ చేతులకున్న బకెట్‌తో గీకి వెళ్లాను. ఏళ్ల తరబడి నన్ను నమ్ముకున్నవాళ్లు మీరు, అందుకే ఏం జరిగిందో నేనే చెబుతున్నాను.

ఇన్నాళ్లూ మంచు తోసిన నా ట్రక్కు ఇక లేదు. ఇంజను బాగానే ఉంది కానీ బ్లేడు తగిలించే చోట ఛాసిస్‌ను, అంటే బండి కింది ఇనుప చట్రాన్ని, సుత్తితో తడితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద అన్నేళ్లు తిరిగిన బండి మరి. అతుకు వేసి ఇంకో ఏడాది లాగించమన్నవాళ్లు ఉన్నారు. పిల్లలు తిరిగే వాకిళ్లలో అలాంటి బండి నడపలేను.

బ్లేడు మాత్రం నిక్షేపంగా ఉంది. 7.5 అడుగులది, రాయి తగిలితే ముందుకు వంగి మళ్లీ లేచే స్ప్రింగులతో సహా. ఇంట్లో ట్రాక్టర్ కూడా ఉంది. రెంటినీ కలుపుదామనుకున్నాను. "ఆ పాత ఇనుముతో ఎందుకండీ తంటాలు, కొత్తది కొనుక్కోండి" అని మీలో ఒకాయన అన్నారు. ఆ మాట మనసుకు తగిలింది, దాచను. ఆయన వాకిలి 12 చలికాలాలు ఊడ్చింది ఆ ఇనుమే.

నాకు నిద్ర లేకుండా చేసింది ఒక్కటే: బ్లేడును ట్రాక్టర్‌కు ఎక్కడ తగిలించాలి? సులువైన దారి లోడర్ చేతులు. బకెట్ తీసేసి ఆ స్థానంలో ప్లేటు పెట్టి బ్లేడును బిగిస్తే రెండు రోజుల్లో పని అయిపోతుంది. చాలామంది అలాగే చేస్తారు కూడా. కానీ ఆ చేతులు బరువు ఎత్తడానికి చేసినవి, పక్క నుంచి వచ్చే దెబ్బ కాయడానికి కాదు. బ్లేడు పక్కకు తిప్పి వెళ్తున్నప్పుడు దాని కొస మంచు కింది రాయికి తగిలితే దెబ్బంతా ఒక పక్కనే పడుతుంది. చెయ్యి ఒకసారి మెలితిరిగితే లోడర్ పోయినట్టే. పైగా అంత బరువు అంత ముందుకు వేలాడితే వెనక చక్రాలు తేలిపోయి పట్టు ఉండదు.

రెండో దారి, ట్రాక్టర్ పొట్ట కింద నుంచి వెనక ఇరుసు దాకా రెండు ఇనుప దూలాలు వేసి, తోపు బరువంతా వాటి మీదికి మళ్లించడం. ఇది గట్టిది. కానీ చలికాలమంతా లోడర్ విప్పి పక్కన పెట్టాలి. అంటే కుప్పపడ్డ మంచును ఎత్తి అవతల పోయడం కుదరదు, చోటు తక్కువున్న ఇళ్లకు అది ఇబ్బందే. ఒక రాత్రి ఇది, మర్నాడు అది. ఎన్ని కాగితాలు గీసి చించానో. చివరికి దూలాలకే మొగ్గాను. కుప్పలు పారతో తీసుకోవచ్చు. జనవరిలో లోడర్ చెయ్యి విరిగితే మీలో ఒక్కరి వాకిలి కూడా తెరుచుకోదు.

ఇక్కడే దెబ్బతిన్నాను. దూలాల ఫ్రేము ఒక వెల్డింగ్ షాపుకిచ్చాను. పది రోజులన్నారు, ఐదో వారంలో ఇచ్చారు. తెచ్చి పెట్టి చూస్తే పిన్ను రంధ్రాలు 12 మిల్లీమీటర్లు పక్కకు ఉన్నాయి. కొలతలు నేనే రాసిచ్చాను, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మూలల్లో బలానికి వేయమన్న పట్టీలు వేయనేలేదు. ఫోన్ చేస్తే "నాలుగు దెబ్బలు వేయండి సార్, కూర్చుంటుంది" అన్నారు. ఇంకేమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాను. రంధ్రాలు పూడ్చి, మళ్లీ వేసి, పట్టీలు నేనే వెల్డ్ చేశాను. రెండో రాత్రి ఆ పనిలో ఉండగానే మంచు మొదలైంది.

హైడ్రాలిక్స్ పని, అంటే ఆయిల్ ఒత్తిడితో బ్లేడును కదిలించే ఏర్పాటు, మాత్రం సాఫీగా జరిగింది. ట్రక్కులో పంపు బ్యాటరీ మీద నడిచేది. అది లాగే కరెంటు ట్రాక్టర్ ఆల్టర్నేటర్ తట్టుకోదు కాబట్టి పంపు తీసేసి ట్రాక్టర్ ఆయిల్‌కే కలిపాను. ఒక లివర్ బ్లేడును ఎత్తుతుంది, ఇంకోటి తిప్పుతుంది. తిప్పే రెండు సిలిండర్ల మధ్య, ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌కు దారి వదిలే రిలీఫ్ వాల్వు కూడా పెట్టాను. అది లేకపోతే కొస రాయికి తగిలినప్పుడు హోసు పగిలి ఆయిలంతా మీ వాకిట్లోనే కారుతుంది.

ఇక మీకు కనిపించే తేడాలు. ట్రక్కు వేగానికి మంచు పక్కకు ఎగిరిపడేది. ట్రాక్టర్ నెమ్మదిగా తోసుకుపోతుంది. బ్లేడు పూర్తిగా తిప్పితే అది ఊడ్చే వెడల్పు ఆరున్నర అడుగులే. అందుకని ఐదింటికి కాదు, మూడింటికే బయల్దేరతాను. చప్పుడుకు మెలకువ వస్తే క్షమించండి. వెనక చక్రాలకు పట్టు కోసం బరువుగా కాంక్రీటు దిమ్మ కట్టాను, టైర్లకు గొలుసులు వేశాను. ఇటుకలు పరిచిన వాకిళ్ల మీద ఆ గొలుసులు గీతలు పెట్టవచ్చు. వద్దనుకునేవాళ్లు ముందే చెప్పండి, అక్కడ చేత్తో తీస్తాను. కంకర వాకిళ్లలో బ్లేడు నేలకు వేలెడు ఎత్తున ఉంటుంది కాబట్టి పల్చటి పొర మిగులుతుంది. నేను రాలేకపోయిన ఆ రెండిళ్లవాళ్ల దగ్గర ఈ నెల డబ్బు తీసుకోను.

పూలమడుల రాళ్ల పక్కన పొడుగాటి కర్రలు పాతి ఉంచండి. పాత ఇనుము అన్నాయన గేటు మలుపు బాగా ఇరుకు, ట్రక్కును అక్కడ మూడుసార్లు ముందుకూ వెనక్కూ తీయాల్సి వచ్చేది. ట్రాక్టర్ ఒక్క తిప్పులో తిరుగుతుంది. ఈసారి మంచు పడ్డప్పుడు ముందు అక్కడికే వస్తున్నాను, వీలైతే ఆయన్ని కిటికీ దగ్గర నిలబడమనండి.