బీరువా సంగతి

ఒరేయ్,

నీ బీరువా ఫోటో చూశాను. తలుపు తీస్తే బట్టలు మీద పడుతున్నాయంటున్నావు, సర్దడానికి పెట్టెలు కొనమంటావా అని అడిగావు. వాటి జోలికి ఇప్పుడే పోకు. పెట్టె ముందు కొంటే దాన్ని నింపడమే పనవుతుంది. ఏవి ఉంచుకుంటావో తేలాక చూద్దాం, అప్పటికి ఒక్కటీ అక్కర్లేకపోవచ్చు.

ముందు మొత్తం తీసి మంచం మీద వెయ్. ఒక్కో అరే సర్దుతానంటే పై అరలోవి కింద అరలోకి దిగుతాయి, అంతే. పొద్దున్నే మొదలుపెట్టు. రాత్రి పడుకోవాలంటే మంచం ఖాళీ కావాలి కదా, ఆ టెన్షనే నీచేత పని చేయిస్తుంది. చొక్కాలన్నీ ఒకచోట వేస్తే ఒకే రంగువి ఎన్ని కొన్నావో నీకే తెలుస్తుంది.

చిరిగినవి తీసేయడం, రోజూ వేసుకునేవి ఉంచుకోవడం చిటికెలో అయిపోతాయి. అసలు పేచీ "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అనే గుట్టతోనే. బట్ట బాగానే ఉంటుంది, ఖరీదు పెట్టి కొన్నదే, కానీ ఒంటిమీదకి రాదు. తీసేయడానికి చేతులెందుకు రావంటే, మనదైపోయిన వస్తువుకి మనం ఎక్కువ విలువ కట్టుకుంటాం. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో దీనికి ఎండోమెంట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. 1990లో ఆయన మరో ఇద్దరితో కలిసి ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు చేతికందినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు పైనే ఉంది. అదీ మామూలు కప్పు! అందుకే "ఇది తీసేయనా?" అనుకోకు. "ఇప్పుడు షాపులో కనిపిస్తే డబ్బిచ్చి కొంటానా?" అనుకో. అలా అడిగితే సగం గుట్ట నీ జవాబు కోసం కూడా ఆగదు. సన్నబడ్డాక పడతాయి అనే ప్యాంట్ల గురించి నాతో వాదించకు. సన్నబడ్డాక కొత్తవి కొనుక్కుందువుగాని.

అప్పటికీ తేలనివాటిని హ్యాంగర్లకి కొక్కెం తిరగేసి తగిలించు. వేసుకుని, ఉతికినవాటిని మామూలుగా తగిలించు. ఎండా వానా చలీ ఒక చుట్టు తిరిగేసరికి ఇంకా తిరగేసే ఉన్నవి ఇచ్చేయాల్సినవి.

స్వెట్టర్లు మాత్రం తగిలించకు, వాటి బరువుకి అవే సాగి భుజాల దగ్గర కొమ్ములు లేస్తాయి. మడిచి పెట్టు. ఉన్నివీ పట్టువీ ఒకసారి వేసుకున్నా సరే, శుభ్రం చేయకుండా దాచకు. వాటిని తినేది ఎగిరే పురుగు కాదు, దాని లార్వా. చెమటా మరకలూ ఉన్నచోటే అది ముందు కొరుకుతుంది. పట్టుబట్టలకి ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల తేమ పట్టేస్తుంది. పాత నూలు గుడ్డలో చుట్టు, అప్పుడప్పుడూ తీసి మడత మార్చు, లేకపోతే ఆ గీత దగ్గరే చిరుగుతుంది.

కలరా ఉండలు వేద్దామనుకుంటున్నావేమో, చంటిపిల్ల ఉన్న ఇల్లు, అసలు వద్దు. ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లలకి ఆ ఉండల ఆవిరి పట్టిన బట్టలు తొడిగితే ఆ కణాలు దెబ్బతినొచ్చు. పాప బట్టలు వేరే అరలో పెట్టినా అదే గాలి కదా.

అన్నట్టు, నీ బూడిదరంగు స్వెట్టర్ నా బీరువాలో బయటపడింది. ఉతికి మడిచి పెట్టాను. నీకు పంపనా, ఇచ్చేసే సంచిలో వేసేయనా? షాపులో కనిపిస్తే కొంటావో లేదో ఆలోచించి చెప్పు.

నీ
బావగాడు