నాన్న ఇంటికొచ్చారు, మీ అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. నాన్న ఇంటికొచ్చి నెల దాటింది. ఇన్నాళ్లూ ఫోన్ చేసినవాళ్లకి ‘బాగానే ఉన్నారండీ’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. కుదురుగా కూర్చుని రాసే తీరిక ఇవాళ దొరికింది.

జనవరిలో మిరప తొలికోతకి కూలీలని మాట్లాడుకుంటుండగా నాన్న కాలికి చెప్పు నిలవడం మానేసింది. నడుస్తుంటే జారి వెనకాలే ఉండిపోయేది, ఆయనకి తెలిసేది కాదు. అంతకి రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాం. మొదట చూపించినచోట కూడా అదేనని సెలైన్ పెట్టి పంపేశారు. మూడోరోజుకి మంచం దిగలేకపోయారు. సాయంత్రానికి మంచినీళ్లు కూడా మింగుడుపడలేదు. 108లో గుంటూరు తీసుకెళితే గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగాల మీద పోరాడాల్సిన ఒంట్లోని శక్తే దారితప్పి నరాల మీద పడుతుందట. ఆ రాత్రే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు. 27 రోజులు దాని మీదే ఉన్నారు.

ఇమ్యునోగ్లోబులిన్ అని ఒక మందు. 5 గ్రాముల సీసాలు రోజుకి 5 చొప్పున 5 రోజులు ఎక్కించారు. ఒక్కో బ్యాచ్ తయారీకి వేలమంది ఇచ్చిన ప్లాస్మా కలుపుతారని డాక్టరుగారు చెప్పారు. మేం ఎన్నటికీ చూడబోని మనుషులు వాళ్లంతా. ముందుగా వాళ్లకి దండం.

డబ్బు సర్దిన నాన్న పదో తరగతి స్నేహితులకీ, నాకు అడిగినన్ని రోజులు సెలవిచ్చిన మా ఆఫీసువాళ్లకీ రుణపడి ఉన్నాం.

ఐసీయూ సిస్టర్లు తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. పదకొండోరోజున గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టాలన్నప్పుడు అమ్మ ‘గొంతు కోస్తారా’ అని కూలబడిపోయింది. ఒక సిస్టర్ పక్కనే నేలమీద కూర్చుని, నోట్లో గొట్టం కన్నా ఇదే ఆయనకి సుఖమనీ, తర్వాత తీసేస్తే దానంతటదే పూడుకుపోతుందనీ ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత నాన్నకి పగలూ రాత్రీ తేడా తెలియక, ఎవరో తనని కట్టేశారని భ్రమపడ్డారు. మమ్మల్ని చూసినా ముఖం తిప్పేసుకునేవారు. అంత బాధ ఎప్పుడూ పడలేదు నేను. ఐసీయూలో చాలామందికి ఇలా అవుతుంది, కళ్లజోడు తెచ్చి పెట్టండి, ఇవాళ ఏ వారమో చెప్పండి, ఊరి కబుర్లు చెప్పండి అన్నది కూడా ఆ సిస్టరే. కళ్లజోడు పెట్టిన రోజే నన్ను గుర్తుపట్టారు.

మాట రాదు, చెయ్యి లేవదు. అక్కడున్న బోర్డేమో ఇంగ్లీషులో ఉంది. రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక ఎక్స్‌రే కవరు చించి, దాని మీద స్కెచ్‌పెన్నుతో ‘దాహం, నొప్పి, కఫం, పక్కకి తిప్పండి’ అని పెద్దక్షరాలతో రాసింది, కింద అఆలు, కఖలు. వేలు పెట్టి చూపిస్తుంటే ఔనంటే నాన్న కళ్లు మూయాలి. మొదటిరోజు పైన మాటలేవీ ఆయనకి అక్కర్లేకపోయింది. ‘క’ దగ్గర కళ్లు మూశారు, తర్వాత ‘ల’ దగ్గర రెండుసార్లు. కల్లం! కాయలేమయ్యాయని అడుగుతున్నారు.

బాబాయిలు, మా వీధివాళ్లు అంతా కలిసి అప్పటికే కోత కోయించి, కాయలు కల్లంలో ఆరబోశారు. రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పి వంతులవారీగా కాపలా పడుకున్నారు. తాలుకాయ ఏరి, బస్తాలు తొక్కి కోల్డ్ స్టోరేజీకి కూడా వాళ్లే చేర్చారు. ఎర్రగా పరుచుకున్న ఆ కల్లం వీడియో ఫోన్‌లో చూపిస్తే నాన్న కళ్లవెంట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడుస్తూ నేనూ ఏడ్చాను. బాబాయ్, మీరు చేసింది పొలం పని ఒక్కటే కాదు.

ఐసీయూ బయట వరండాలో వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒకావిడ మా అమ్మకి తన చాపలో చోటిచ్చింది. లోపల్నుంచి పిలుపు వస్తే అమ్మని లేపేది. వాళ్లాయన దక్కలేదు. అంత దుఃఖంలోనూ వెళ్లేముందు ఫ్లాస్కు అమ్మ చేతిలో పెట్టి, ‘రాత్రుళ్లు వేణ్ణీళ్లకి పనికొస్తుంది వదినా’ అంది. ఊరి పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. అమ్మా, ఇది మీ కంటపడితే మాకు కబురు చెయ్యండి.

వెంటిలేటర్ ఒక్కసారిగా తీసెయ్యలేదు. మొదట పావుగంట, తర్వాత గంట, తర్వాత పగలంతా తీసి ఉంచేవారు. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ ‘పెదనాన్నా, ఇవాళ బొటనవేలు’ అంటూ వచ్చేవాడు. ఇప్పుడు వాకర్ పట్టుకుని అరుగు దాకా వస్తున్నారు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు ఇంకా, అప్పుడు అమ్మ లైటు వేసి ‘ఇది మనిల్లే’ అంటుంది. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు, పర్వాలేదు.

వచ్చే శనివారం చెకప్‌కి గుంటూరు వస్తున్నాం. డ్యూటీ మారే వేళకి ఐసీయూ దగ్గరికొస్తే పగటివాళ్లూ రాత్రివాళ్లూ ఒకేసారి కనబడతారని నాన్న లెక్క. ఆ ఎక్స్‌రే కవరు ముక్క కూడా తెస్తానంటున్నారు.