ఆ ఫోటోలు భయపెట్టడానికి తీసినవి కావు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాతకాలం శవాల ఫోటోల మీద ఒక వ్యాసం వేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో శవాల్ని ఇనుప స్టాండుకి ఆనించి, నిలబెట్టి ఫోటోలు తీసేవారని అందులో రాశారు. అది నిజం కాదండీ. ఆ స్టాండు బతికున్నవాళ్ల కోసం. 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో పద్ధతి వచ్చిన కొత్తలో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది, తర్వాత అది సెకన్లలోకి దిగినా తల కాస్త ఊగితే చాలు మొహం అలుక్కుపోయేది, అందుకని తల కదలకుండా వెనక నుంచి ఒక పట్టు ఆనించేవారు. శవం బరువు మోసే బలం దానికెక్కడిది? మీరు వేసిన ఫోటోలో ఆ అమ్మాయి పాదాల వెనక స్టాండు అడుగుభాగం కనిపిస్తోంది. అంటే ఆ రోజు ఆమె బతికే ఉందన్నమాట.

నిజంగా చనిపోయాక తీసినవి వేరేగా ఉంటాయి. చాలావరకు పిల్లలవే. మంచం మీదో తల్లి ఒడిలోనో నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి తీసేవారు. కొన్నింటిలో తల్లిదండ్రుల మొహాలు కొంచెం మసగ్గా, బిడ్డ మొహం మాత్రం స్పష్టంగా ఉంటుంది, ఊపిరి తీసేవాళ్లు ఎంతోకొంత కదులుతారు కదా. చాలామంది పిల్లలకి మిగిలిన ఫోటో అదొక్కటే.

ఇంత పట్టింపు నాకెందుకంటే, మా అమ్మ దగ్గర అలాంటిదే ఒకటుంది. నాకంటే ముందు పుట్టి ఎనిమిది నెలలకే పోయిన మా అక్కది. అమ్మ ఎప్పుడూ ఒకే చోట పట్టుకుని చూడటంతో కింది మూల రంగు పోయి తెల్లబడింది. మీ వ్యాసం మీద "ఒళ్లు గగుర్పొడిచే" అన్న హెడ్డింగ్ చూసి ఆవిడ ఏమీ అనలేదు, పేపరు మడిచి పక్కన పెట్టేసింది.

చావుని బొమ్మల్లో చూపించొద్దని నేననను. 1424–25లో పారిస్‌లోని ఒక శ్మశానం గోడ మీద అస్థిపంజరాలు పోప్‌నీ రాజునీ రైతునీ తమతో తీసుకుపోతున్నట్టు బొమ్మలు వేశారు. ఆ వరసలోనే జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ చేసిన చెక్క అచ్చుల బొమ్మలు 1538లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఒకటి నేను మర్చిపోలేను. పేద గుడిసె, తల్లి పొయ్యి దగ్గర వంట చేస్తోంది, చావు వచ్చి చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళుతోంది. అందులో నాకు అస్థిపంజరం కంటే ఆ తల్లే ఎక్కువ కనిపిస్తుంది. గ్రిమ్ సోదరులు సేకరించిన జర్మన్ జానపద కథల్లోనూ చనిపోయిన పిల్లాడు రాత్రిపూట తల్లి దగ్గరికొస్తాడు, భయపెట్టడానికి కాదు, నీ కన్నీళ్లతో నా చొక్కా తడిసిపోతోంది, ఏడవకమ్మా, నాకు నిద్ర పట్టట్లేదు అని చెప్పడానికి. దెయ్యం కథ అని తీసిపారేస్తే ఆ తల్లి ఏమైపోవాలి?

మీరు ఒక సవరణ వేయండి, స్టాండు సంగతి సరిచేస్తూ. ఇంకోసారి అలాంటి ఫోటో వేసేటప్పుడు హెడ్డింగ్‌లో భయం, వింత అన్న మాటలు వద్దు. ఏ సంవత్సరంలో తీశారో తెలిస్తే అది రాయండి, బిడ్డ పేరు తెలిస్తే పేరు రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు