ఒరే, ఆ పియొనీ దుంపల్ని లోతుగా పాతకు!

ఒరే,

నీ ఉత్తరం చూసి నవ్వాగలేదురా. చలి ప్రాంతాల్లో పెద్ద పెద్ద పూలు పూసే ఆ పియొనీ మొక్క దుంపలు ఇంకా పార్సిల్లోంచి బయటికే రాలేదు, అప్పుడే పూలు ఎప్పుడని అడుగుతున్నావు. ముందే చెప్తున్నా, మొదటి ఏడాది పూల మీద ఆశ పెట్టుకోకు. రెండో ఏడు ఒకటో రెండో పూస్తే నీ అదృష్టం. మూడో ఏటి నుంచి అసలు సంగతి మొదలవుతుంది. అంతవరకూ ఆగలేనంటావా, బంతి విత్తనాలు చల్లుకో, రెండు నెలల్లో నీ ముచ్చట తీరిపోతుంది. ఆగగలిగితే మాత్రం పియొనీ నిన్ను వదిలిపెట్టదు. ఒక్కసారి కుదురుకుంటే యాభై ఏళ్ళు అదే చోట పూసే మొక్క అది. మన తర్వాత కూడా ఉంటుంది.

మీ దగ్గర చలికాలం గట్టిగా ఉంటుంది కాబట్టి సరే అన్నాను. లేకపోతే వద్దనేవాణ్ణే. శీతాకాలంలో నాలుగైదు డిగ్రీల చలి కొన్ని వారాలపాటు తగిలితే తప్ప దీని మొగ్గ నిద్ర లేవదు. చలి పడని చోట ఎన్ని ఎరువులు గుమ్మరించినా లాభం లేదు.

నాటడానికి శరదృతువే మంచిది. నేల గడ్డకట్టేలోపు ఓ నెలా నెలన్నర దొరికితే వేళ్ళు కుదురుకుంటాయి. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగిలే జాగా చూడు. పెద్ద చెట్ల పక్కన వద్దు, నీళ్ళు నిలిచే పల్లం అసలే వద్దు. మొక్కకీ మొక్కకీ మూడడుగుల ఎడం వదులు. ఇప్పుడు బోసిగా కనబడుతుందని మధ్యలో ఇంకోటి దూర్చేయకు, నీకా అలవాటుంది.

ఇక అసలు విషయం, లోతు. దుంపని చేతిలోకి తీసుకుని పైభాగం చూడు. ఎర్రగా, మొనదేలిన మొగ్గలు కనిపిస్తాయి. వాటినే కళ్ళు అంటారు. మూడు నుంచి ఐదు కళ్ళున్న దుంప మంచిది. అవి పైకి చూస్తుండాలి, వాటి మీద మట్టి రెండు అంగుళాలు దాటకూడదు. చలి తక్కువగా ఉండే చోటైతే అంగుళం చాలు. తమాషా ఏమిటంటే, లోతుగా పాతినా మొక్క చావదు. ఏటా నవనవలాడుతూ ఆకులేస్తుంది, పువ్వు మాత్రం పూయదు. జనం ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేస్తూ పోతారు! అందుకని గుంట అడుగున్నర లోతు తవ్వి, కంపోస్టు కలిపిన మట్టి నింపాక, నీళ్ళు పోసి బాగా అణగనివ్వు. అణగకుండా నాటావో, తర్వాత మట్టి కుంగి దుంపని కూడా కిందికి లాక్కుపోతుంది. నాటేటప్పుడు గుంట మీద ఒక కర్ర అడ్డంగా పెట్టి, కర్రకీ కళ్ళకీ మధ్య ఎంతుందో స్కేలుతో కొలువు. చాదస్తం అనుకున్నా ఫరవాలేదు.

అన్నట్టు, ఇదంతా ఏటా నేలమట్టానికి ఎండి మళ్ళీ మొలిచే మామూలు పియొనీ లెక్క. నువ్వు తెప్పించింది అదే, అయినా పార్సిల్ చీటీ ఓసారి చూసుకో. చలికాలంలోనూ కొమ్మలు నిలిచి ఉండే చెట్టు పియొనీ అయితే లెక్క తిరగబడుతుంది. దాని కొమ్మని మామూలు పియొనీ వేరు మీద అంటు కడతారు, ఆ అతుకు నాలుగైదు అంగుళాలు లోపలికి పోవాలి, అప్పుడే పైకొమ్మ తన సొంత వేళ్ళు వేసుకుంటుంది. ఈ రెంటినీ కలిపిన జాతి కూడా ఉంది, ఇతో పియొనీ. జపాన్‌లో తోయిచీ ఇతో అనే ఆయన ఎన్నో ప్రయత్నాల తర్వాత 1948లో ఆ సంకరం సాధించాడు. పాపం, 1956లో చనిపోయాడు, తన మొక్కలు పూయడం చూడకుండానే. నువ్వేమో మూడేళ్ళకే గోల పెడుతున్నావు.

చెల్లెమ్మ చీమల మందు కొట్టమందని రాశావు కదా, వద్దని చెప్పు. మొగ్గని కప్పి ఉండే పచ్చటి తొడిమ రేకుల అంచున తేనెలాంటి బొట్టు ఊరుతుంది, చీమలు దానికోసమే వస్తాయి. వాటివల్ల మొగ్గకి నష్టం లేదు, పైగా మొగ్గ తినే పురుగుల్ని తరుముతాయి. చీమలుంటేనే పువ్వు విచ్చుకుంటుందనేవాళ్ళూ ఉన్నారు, అదీ నిజం కాదు.

భయపడాల్సింది బూజు తెగులుకి. తేమ ఎక్కువైన వసంతంలో చిన్న మొగ్గలు నల్లబడి ఎండిపోతాయి, కాడలు మొదలు దగ్గర కుళ్ళి వాలిపోతాయి. అలాంటివి కనిపించగానే కోసి బయట పారెయ్, కంపోస్టులో వేయకు. నీళ్ళు ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర పొయ్యి. పూలయిపోయాయని ఆకులు కత్తిరించకు, వచ్చే ఏడు మొగ్గలకి తిండి అవే చేసిపెడతాయి. చలికి అవి వాడాకే నేలబారుగా కోసెయ్. నత్రజని ఎక్కువున్న ఎరువు జోలికి పోవద్దు, ఆకుల గుబురు తప్ప ఏమీ మిగలదు.

సారా బెర్న్‌హార్ట్ తెప్పించానన్నావుగా, 1906 నాటి ఫ్రెంచి రకం, నటి పేరు పెట్టారు. లేత గులాబీ రంగు, రేకులు లెక్కలేనన్ని. ఒక్క వాన పడిందంటే ఆ బరువుకి పువ్వు బురదలో మొహం పెడుతుంది. అందుకే మొలకలు జానెడు ఎదగకముందే చుట్టూ తీగ వలయం నిలబెట్టు, అవే లోపల్నుంచి పెరుగుతాయి. పూలొచ్చాక కట్టబోతే కాడలు పుటుక్కున విరుగుతాయి.

కోసుకోవాలంటే మొగ్గ రంగు కనబడి, వేళ్ళతో నొక్కితే చెవి తమ్మెలా మెత్తగా అనిపించినప్పుడు కోయి. గట్టిగా ఉన్నప్పుడు కోస్తే అలాగే వాడిపోతుంది. మొదటి రెండేళ్ళూ కోయకు, తర్వాత కూడా ఒక్కో మొక్క నుంచి మూడో వంతు మించి తీయకు, మొక్కకి మిగిలే కాడ మీద రెండు మూడు ఆకులు వదులు. కోసిన కాడల ఆకులు తీసేసి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మొగ్గలు రెండు మూడు వారాలు అలాగే ఉంటాయి, బయటికి తీసి కాడ చివర కోసి నీళ్ళలో పెడితే విచ్చుకుంటాయి. పళ్ళ పక్కన మాత్రం పెట్టకు, వాటి నుంచి వచ్చే వాయువుకి పూలు పాడవుతాయి. ఫ్రిజ్‌లో జాగా కోసం చెల్లెమ్మతో తగాదా నువ్వే పడాలి, అందులో నా పేరు ఎత్తకు.

ఉంటానురా,
నీవాడు