ఎంపీసీ విద్యార్థులకు జీవకణాన్ని దూరం చేయవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పదో తరగతి ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ఎంపీసీనా, బైపీసీనా? పదిహేనేళ్ల వయసులో ఎంపీసీ అని చెప్పిన విద్యార్థి ఆ రోజుతో జీవశాస్త్ర పుస్తకం పక్కన పెట్టేస్తాడు. తర్వాత భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ దాకా చదివినా దాన్ని మళ్లీ తెరవవలసిన అవసరం చాలామందికి రాదు. నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను, డిగ్రీ భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆధునిక జీవశాస్త్రాన్ని పరిచయం చేసే పాఠ్యాంశం ఒకటి ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి, "సార్, ఎలక్ట్రానూ కణమే, రక్తంలో ఉండేదీ కణమే, పరమాణువుకూ కేంద్రకం ఉంది, జీవకణానికీ కేంద్రకం ఉంది. ఈ రెంటికీ ఏమైనా సంబంధం ఉందా?" అని ఒకసారి తరగతిలో అడిగింది. పేర్లు కలిశాయే తప్ప అవి వేరు వేరు అని చెప్పి నేను పాఠంలోకి వెళ్లిపోయాను. జీవకణం గురించి అంతకు మించి చెప్పగలిగే చదువు అప్పటికి నాకు లేదు. ఆ వెలితి తీర్చుకోవడానికి, యాభై ఏళ్లు దాటాక వృక్షశాస్త్రం బోధించే సహోద్యోగి దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను.

అలా నేర్చుకున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచినవి కొలతలు. నాడీకణం పొర లోపలికీ వెలుపలికీ మధ్య ఉండే వోల్టేజి తేడా సుమారు 70 మిల్లీవోల్టులే అయినా, ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లే కనుక, దానిలో విద్యుత్ క్షేత్రం మీటరుకు కోటి వోల్టులకు పైగా ఉంటుంది; పొడి గాలి మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక మెరుపు విడుస్తుంది. ఈత ఆపిన బాక్టీరియా నీటిలో ఒక పరమాణువు వెడల్పంత దూరం కూడా జారకుండా నిలిచిపోతుంది, ఎందుకంటే ఆ పరిమాణంలో స్నిగ్ధత (ద్రవం కదలికను అడ్డుకునే గుణం) ముందు జడత్వం నిలవదు. బాక్టీరియా ఒక కొస నుంచి మరో కొసకు సెకనులో చిన్న భాగంలో విసరణ ద్వారా, అంటే అణువుల కుదుపులకు అటూఇటూ కదులుతూ, చేరే ప్రోటీను, వెన్ను నుంచి పాదం దాకా సాగే మీటరు పొడవు నాడీతంతువులో అదే పద్ధతిలో ప్రయాణించాలంటే వెయ్యేళ్లు దాటుతుంది. అందుకే అక్కడ కైనెసిన్ అనే ప్రోటీను సరకు మోస్తూ, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి, 8 నానోమీటర్ల చొప్పున అడుగులు వేస్తుంది. ఒక ఏటీపీ ఇచ్చే శక్తి, చుట్టూ ఉన్న అణువుల ఉష్ణచలన శక్తికి ఇరవై రెట్లు మాత్రమే. అంత కుదుపుల మధ్య అది దారి తప్పకుండా ఎలా నడుస్తుందన్నది నిజమైన ఉష్ణగతికశాస్త్ర ప్రశ్న. కండరాల్లో ఆ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరని చెబితే మన పిల్లలు ఇంకా శ్రద్ధగా వింటారు.

అయితే జీవశాస్త్రమంతా భౌతికశాస్త్రంలో ఒక అధ్యాయమేనన్న భావనతో ఈ పరిచయం సాగితే మేలు కంటే కీడే ఎక్కువ. భౌతికశాస్త్రం చదివిన మావాళ్లకు సూత్రం అందంగా ఉంటే అది నిజమై తీరుతుందన్న నమ్మకం ఎక్కువ. డీఎన్ఏలోని ఏ పదం ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తుందో చెప్పే జన్యు సంకేతం కథ అందుకే తప్పక చెప్పాలి. డీఎన్ఏలో అక్షరాలు నాలుగు; మూడేసి చొప్పున పేరిస్తే 64 పదాలవుతాయి; ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు మాత్రం 20. భౌతికశాస్త్రం చదివి జీవశాస్త్రంలోకి వచ్చిన ఫ్రాన్సిస్ క్రిక్, ఇద్దరు సహచరులతో కలిసి 1957లో దీనికి ఒక లెక్క చూపారు. పదాల మధ్య విరామచిహ్నం లేకపోయినా చదవడంలో పొరపాటు రాకూడదంటే, ఒకే అక్షరం మూడుసార్లు వచ్చే నాలుగు పదాలు పనికిరావు. మిగిలిన 60లో, చక్రంలా తిప్పితే ఒకదానికొకటి వచ్చే ప్రతి మూడింటిలో (ఏజీసీ, జీసీఏ, సీఏజీ లాగా) ఒక్కటే పనికొస్తుంది. అరవైని మూడుతో భాగిస్తే సరిగ్గా ఇరవై. చూసిన ఎవరికైనా ఇదే సత్యమనిపిస్తుంది. కానీ 1961లో శాస్త్రవేత్తలు నిరెన్‌బర్గ్, మథాయి డీఎన్ఏ సందేశాన్ని మోసే ఆర్ఎన్ఏను కేవలం యూ అక్షరాలతో (డీఎన్ఏలోని టీకి బదులు ఆర్ఎన్ఏలో ఉండే అక్షరం) తయారుచేసి పరీక్షనాళికలో వేసి చూస్తే ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లపు గొలుసు తయారైంది. ఆ లెక్క ప్రకారం అర్థమే ఉండకూడని పదం, అన్నిటికంటే ముందు అర్థమిచ్చిన పదమైంది! హరగోవింద్ ఖురానా వంటివారి శ్రమతో మొత్తం పట్టిక తేలాక చూస్తే, అమైనో ఆమ్లాల్లో ల్యూసిన్‌కు ఆరు పదాలు, మిథియోనిన్‌కు ఒక్కటి, ఆపమని చెప్పేవి మూడు. ఆ పట్టిక ఏ సమీకరణం నుంచీ పుట్టలేదు. కోట్ల సంవత్సరాల జీవపరిణామ చరిత్ర అందులో ఉంది. ప్రయోగశాలలో ఓపికగా తేల్చుకోవలసిన ఇలాంటి వివరాలను గౌరవించడం మా విద్యార్థులు ముందుగా నేర్చుకోవాలి. ప్రోటీన్ల మడతలపై 1963లో వెలువడిన రామచంద్రన్ పటమూ, భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాక మళ్లీ విద్యార్థిగా జీవశాస్త్రం చదివి, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ అందుకున్న వెంకీ రామకృష్ణన్ ప్రయాణమూ ఆ ఓపికకు మన దేశం నుంచే దొరికే ఉదాహరణలు.

హైదరాబాద్‌లో ఇది కష్టమైన పని కాదు. తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళితే ఒకే దారిలో పరిశోధన సంస్థలైన ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ కనిపిస్తాయి. రసాయనశాస్త్రం, భూభౌతికశాస్త్రం, జీవశాస్త్రం అక్కడ ఇరుగుపొరుగున ఉన్నాయి. నేను పనిచేసిన కళాశాలలోనూ భౌతికశాస్త్ర ప్రయోగశాలకూ వృక్షశాస్త్ర ప్రయోగశాలకూ మధ్య అడ్డం ఒక వరండా మాత్రమే. మా పిల్లలకు వారానికి ఒక గంట ఆ సూక్ష్మదర్శినులు ఇప్పించమని అడిగితే, సిలబస్‌లో లేదన్న జవాబే వచ్చింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కనుక రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలు బీఎస్సీ భౌతికశాస్త్రంలో ఒక సెమిస్టర్ ఐచ్ఛికాంశంగా దీన్ని చేర్చాలని కోరుతున్నాను. ఎముకల పేర్లు, మొక్కల కుటుంబాల పేర్లు బట్టీ పట్టించకుండా, ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద స్వయంగా చూసి కణం కొలత తీయడంతో పాఠం మొదలుపెట్టి, శక్తి, జన్యువు, పరిణామం వరకు తీసుకెళ్లాలి. భౌతికశాస్త్ర అధ్యాపకుడు, జీవశాస్త్ర అధ్యాపకుడు ఇద్దరూ కలిసి ఆ తరగతి చెప్పాలి. మీ పత్రిక విజ్ఞానశాస్త్ర పుటలో ఈ విషయాలపై తెలుగులో వారం వారం ఒక శీర్షిక నడిపితే, కణానికీ కణానికీ సంబంధమేమిటని అడిగే పిల్లలకు చదువుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హబ్సిగూడ, హైదరాబాద్